రెండు చివరల నుంచి

జీతంతో కాన్పు సెలవు పర్మినెంటు వాళ్లకే అంటూ మున్సిపల్ ఆఫీసరు ఒప్పందం కాగితం ముందుకు జరిపాడు. యూనియన్ తరఫున కూర్చున్న పెద్దక్క పర్మినెంటే. రోజూ ఆమెతో కలిసి వీధి ఊడ్చే చిన్నది మాత్రం కాంట్రాక్టు, పైగా నిండు గర్భిణి.

"సంతకం పెట్టమ్మా, మీవాళ్లకైతే వచ్చిందిగా."

"సారూ, మా వీధిని చెరో చివర నుంచీ ఊడ్చుకొస్తాం. నడుమ కలుసుకుంటేనే పని అయినట్టు. నా సగం అయిందని చీపురు చంకన పెట్టుకుని ఇంటికి పోతే మీరు ఊరుకుంటారా?"

"మాటలతోనూ ఊడ్చేస్తావే!"

"చెత్త కనబడితే ఊరుకోలేను సారూ."

ఆమె కలం మూసి లేచింది. వెనకే యూనియన్ వాళ్లంతా లేచారు. గుమ్మం దాటకముందే ఆఫీసరు వెనక్కి పిలిచి, సెలవు అందరికీ అని రాయించాడు.

మర్నాడు వీధి నడుమ చిన్నది ఎదురైంది. పెద్దక్క తలెత్తి నవ్వింది.

"రేపట్నుంచి దర్జాగా పడుకోవే. జీతం ఇంటికే వస్తుంది."