మోచేతికి నాలుగు మెట్లు

మా ఆవిడ ఆనందమ్మ పోయిన అయిదో నెలలో ఆమె తమ్ముడు ధనశేఖర్ కార్వేటినగరం నుంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కోకముందే తలెత్తి అటక వైపు చూశాడు.

"బావా, మా తాత ఫిడేలు పైన ఉండాదా, ఎలకలు తినేసినాయా?"

"ఉండాది."

"సుజనకు ఇచ్చెయ్. కోర్సు అయిపోతానే కాలేజీ ఫిడేలు తిరిగి ఇచ్చేయాల. వైశాఖంలో మా ఊర్లో భారతం తిరణాల. పద్దెనిమిది దినాలు మధ్యాన్నం హరికథ. పక్కన వాయించమని దాన్ని పిలిచినారు. సేతిలో ఫిడేలు లేకపోతే యాడ వాయిస్తాది?"

సుజన అతని కూతురు. తిరుపతిలో సంగీతం చదువుతోంది. అతను అడిగిన దాంట్లో తప్పు లేదు. అయినా ఇవ్వనన్నాను.

"ఏం, నువ్వు వాయిస్తావా?"

"వాయిస్తా."

అతను నవ్విన నవ్వుకు వాకిట్లో ఆవు మేత మానేసి తల తిప్పింది.

ఆ ఫిడేలు ఆనందమ్మతోపాటే మా ఇంటికి వచ్చింది. నాది మామిడి అంట్లు కట్టే పని. బంగారుపాళ్యం దాటాక రోడ్డు పక్కనే తోట. అప్పట్లో వసారాలో కూర్చుని అంట్లు కట్టేవాణ్ణి. ఆమె లోపల వాయించేది. ఒకరోజు కత్తి జారి వేలు తెగింది. తప్పు నాది. "ఆ గీకుడు ఆపు" అన్నాను. ఆపింది. పెట్టె అటకెక్కింది. ఇరవై ఆరేళ్ళు దిగలేదు. దింపమని నేను అనలేదు, దింపనా అని ఆమె అడగలేదు. ఇద్దరం ఇద్దరమే.

ఆమె పోయాక చీరలు ఆమె చెల్లెళ్ళు తీసుకుపోయారు. గిన్నెలు కూడా ఎవరెవరో పంచుకున్నారు. ఆమెదని చెప్పడానికి ఇంట్లో ఆ పెట్టె ఒక్కటే మిగిలింది. అది కూడా గడప దాటడం నాకు ఇష్టం లేదు. ఈ మాట ధనశేఖర్‌కు చెప్పలేదు. చెబితే ఓదారుస్తాడు. అతని వెటకారం భరించవచ్చు గానీ ఓదార్పు భరించలేం.

"సరే బావా, పందెం" అన్నాడు. "మా ఊర్లో భారతానికి జెండా ఎక్కే పొద్దుటికి దాటు వరుస ఒకటి వాయించు. ఒక్కటంటే ఒక్కటి. రెండు తీగలు ఒకేసారి అరవకూడదు. అరవకపోతే పెట్టె నీది. అరిచిందా, నాది. గురువును కూడా నేనే పంపిస్తా, పో."

దాటు వరుసలో స్వరాలు వరసగా నడవవు, మేకపిల్లల్లా దూకుతాయి. తీగల మీద లాగే కమాను ఒక తీగ మీద నుంచి ఇంకో తీగ మీదికి మారుతూనే ఉండాలి. చిన్నప్పుడు ఆ పాఠం దగ్గరే ధనశేఖర్ తాతచేత తన్నులు తిని ఫిడేలు మానేశాడని ఆనందమ్మ ఒకసారి చెప్పింది. ఏరి కోరి దాన్నే నాకు పెట్టాడు.

ఆదివారం గురువు దిగింది. సుజనే.

"నేను నేర్చుకుంటే ఫిడేలు నీకు రాదు. తెలుసునా?" అన్నాను.

"నువ్వు నేర్చుకుంటే గదా మామా" అంది.

కొత్త తీగలు బిగించింది. కమానుకు కొత్త వెంట్రుకలు కట్టించి తెచ్చింది. నన్ను చాప మీద కూర్చోబెట్టి కుడికాలు ముందుకు చాపించింది. ఫిడేలు తల చీలమండ మీద, ఇంకో కొస నా గుండె మీద. బాగానే ఉంది. కమాను లాగాను.

గోడ అవతల నుంచి పక్కింటి అక్కమ్మ కేక వేసింది. "మునిరామన్నా, దూడను ఎవురన్నా తొక్కినారా?"

నెల రోజులకు ఒక్కొక్క తీగ మీద విడిగా వాయిస్తే వినగలిగేట్టు వచ్చింది. తీగ మారితేనే గొడవ. కమాను అడ్డదారిన పోయి రెండు తీగల మీదా పడేది. రెండూ కలిసి అరిచేవి.

"కమాను ఎత్తి వేయద్దు మామా. అది తీగ మీదనే ఉండనీ. నాలుగు తీగలకు నీ మోసేతికి నాలుగు మెట్లు ఉండాయనుకో. లావు తీగకు పైమెట్టు. సన్న తీగకు కిందిమెట్టు. మోసెయ్యి ఒక మెట్టు దిగితే కమాను దానంతట అదే పక్క తీగ మీదికి వాలతాది."

"దించినా గదా."

"యాడ దించినావు? నీ మోసెయ్యి డొక్కకు అతుక్కోని ఉండాది. సంకలో కోడిపిల్లను పెట్టుకున్నావా?"

తరవాతి రెండు వారాల్లో నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. మోచేయి కదపకుండా రెండు తీగలు శుభ్రంగా మారాను. సుజన వచ్చిన రోజు గర్వంగా వాయించి చూపించాను. ఆమె నా చేతిని చూడలేదు. నా కాలిని చూసింది.

"మామా, మడమ తిప్పతాండావు."

నిజమే. చేయి అలాగే ఉంచి కాలితో ఫిడేలును ఇటూ అటూ తిప్పుతున్నాను. ఏ తీగ కావాలో అదే కమాను కిందికి వస్తోంది.

"తీగ మారింది గదా. నీకేం నష్టం?"

"నిదానంగా కాబట్టి మారింది. జోరు పెంచితే నీ కాలు ఎగిరి హరికథ చెప్పే ఆమెను తంతాది. ఈ తిప్పుడు ఎవురు నేర్పినారు నీకు?"

ఎవరూ నేర్పలేదన్నాను. ఆమె నమ్మలేదు. టీ తాగి నాతో పాటు తోటలోకి వచ్చింది. నేను అంటు కడుతుంటే పక్కనే గొంతుక్కూర్చుని చూసింది. ఎడమచేతిలో మొక్క సంచి. కుడి మోచేయి డొక్కకు ఆనించి, కత్తి కదపకుండా, సంచిని కొంచెం కొంచెం తిప్పుతూ బెరడు చెక్కాను. చెయ్యి కదిలితే కోత వంకర పోతుంది, అంటు చస్తుంది. కత్తిని కాదు, మొక్కను తిప్పు. నాకు పదేళ్ళప్పుడు మా నాయన చెప్పిన మాట అది. మోచేయి డొక్క నుంచి లేస్తే బెత్తంతో కొట్టేవాడు.

సుజన పడీపడీ నవ్వింది.

"ఫిడేలుకు అంటు కడతాండావు మామా! దానికి యా రకం కాయాల? బేనీషానా, తోతాపురినా?"

ఆరోజే వసారా దూలం మీదుగా ఒక తువ్వాలు వేసింది. ఒక కొస నా మోచేతికి కట్టింది. రెండో కొస తను పట్టుకుంది. లాగితే మోచేయి లేస్తుంది, వదిలితే దిగుతుంది. "పైమెట్టు... రెండు... మూడు... కింద..." కమాను తీగ మీద ఊరికే ఆనించి ఉంచాలి. వాయించకూడదు. శబ్దం లేకుండా మెట్లు ఎక్కడం, దిగడం. అంతే పాఠం. నా మడమ కదిలిందా అని ఆమె చీలమండ గుంటలో ఒక గోలీ పెట్టింది. గోలీ దొర్లితే మళ్ళీ మొదటి నుంచి.

అక్కమ్మ గోడ మీద గడ్డం ఆనించి చూసింది. "ఏమన్నా, ఏతాం తొక్కతాండారా? నా మళ్ళోకి గూడా రెండు బానలు వదలండి."

"నీ పని నువ్వు చూసుకో."

"నా పని అయిపోయింది. నీది అయ్యేటట్టు లేదు."

చైత్రం మొదట్లో తువ్వాలు విప్పాం. వైశాఖానికి మోచేయి తనంతట తను లేచింది. గోలీ కూడా చాలాసార్లు నిలిచింది. చాలాసార్లు అంటే అన్నిసార్లు కాదు.

జెండా ఎక్కే రోజు పొద్దున్నే ఏడున్నర బస్సుకు ధనశేఖర్, సుజన వచ్చారు. అక్కమ్మను ఎవరూ పిలవలేదు. చాట పట్టుకుని వచ్చి గడప దగ్గర కూర్చుంది.

"గోలీ పెట్టమంటావా మామా?" సుజన అడిగింది.

"అక్కర్లేదు" అన్నాను. అది నా పొగరు.

మొదలుపెట్టాను. లావు తీగ నుంచి పైకి పోతూ ఒక్కచోట కూడా తడబడలేదు. అక్కమ్మ చెరగడం ఆపింది. ధనశేఖర్ ముఖంలో వెటకారం పోయి ఏదో భయం లాంటిది వచ్చింది. తాత దెబ్బలు గుర్తొచ్చి ఉంటాయి. పై నుంచి దిగాను. ఇంకా రెండు దూకుళ్ళే ఉన్నాయనగా, మోచేయి లేవాల్సిన చోట, మడమ కదిలింది. వెంట్రుక వాసి. కమాను పక్క తీగకు తగిలింది. ఈగ వాలినంత శబ్దం. వాయించి ముగించాను.

ధనశేఖర్ లేచి నా భుజం తట్టాడు. "సచ్చినా అనుకోలే బావా! గెలిచినావు. పెట్టె నీది."

సుజన నా కాలి వైపే చూస్తోంది. నోరు తెరవలేదు. పద్దెనిమిది దినాల హరికథ, ఉన్న ఒక్క ఫిడేలు. అయినా నోరు తెరవలేదు. వాళ్ళ అత్త కూడా అంతే.

"తగిలింది" అన్నాను.

"యాడ తగిలింది? నాకు ఇనపడలే."

"నీకు ఇనపడి ఉంటే నువ్వే వాయించేవాడివి."

"పోనీ బావా, అంత సన్న దానికి..."

నేను ఎవరి తప్పునూ పోనీ అన్నవాణ్ణి కాదు. నా తప్పును పోనీ అనడానికి నాకు నేనేమైనా చుట్టమా? ఫిడేలు సుజన ఒళ్ళో పెట్టాను.

ఆమె దాన్ని గుడ్డతో తుడిచింది. పెట్టెలో పెట్టి మూసింది. కమాను చాప మీదే ఉంది.

"కమాను మరిసినావు."

"మరవలే. నేను కొనుక్కున్న కమాను ఒకటి ఉండాది. పందెం ఫిడేలుకు గదా. కమాను మాట ఎవురూ అనలేదు." చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగింది. "వచ్చే ఆదివారం పొద్దున్నే మా ఊరికి రా మామా. హరికథ మధ్యాన్నం గదా, అంతలోపల పాఠం. కమాను తెచ్చుకో."

"మొక్క మాత్రం తేవద్దు" అన్నాడు ధనశేఖర్.

వాళ్ళు బస్సెక్కి పోయారు. అటక మీద, రోజూ వాయించాక పెట్టె ఎక్కించే చోట, పొడుగ్గా దుమ్ము లేని జాగా కనిపించింది. దాన్ని తుడవలేదు.

వసారాలో చాప మీద కూర్చున్నాను. కుడికాలు చాపాను. చీలమండ గుంటలో గోలీ పెట్టి, ఎదుట ఏమీ లేకుండా కమాను పట్టుకుని మోచేయి పైమెట్టుకు ఎత్తాను. రెండు. మూడు. కింద.

"ఏమన్నా, గాలికి అంటు కడతాండావా?" గోడ మీద అక్కమ్మ.

"మాట్లాడించొద్దు. పాఠం."

మళ్ళీ పైకి. మూడో మెట్టు దగ్గర గోలీ దొర్లి వాకిట్లోకి పోయింది. లేచి వెళ్ళి తెచ్చుకున్నాను.