ఆలస్యానికి కారణం

అత్తగారిని ఎడమవైపు తిప్పి, పాత దుప్పటిని ఆమె వీపు కిందికి మడిచి, ఖాళీ అయిన సగంలో కొత్త దుప్పటి పరిచి, మళ్లీ ఆమెను కుడివైపుకి తిప్పి రెండో సగం లాగాలి. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన మనిషికి పక్క మార్చే పద్ధతి ఇది. ఆస్పత్రిలో ఇద్దరు నర్సులు కలిసి చేసేవారు. ఇంట్లో కోడలు ఒక్కతే చేస్తుంది. ఆ రోజు రెండో సగం లాగుతూ గడియారం వైపు చూసింది. రెండవడానికి ఇంకా పది నిమిషాలుంది.

"ఏమిటమ్మాయ్ ఆ కంగారు? రైలేమైనా తప్పిపోతోందా?" అంది అత్తగారు.

"ఏం లేదత్తయ్యా. కాస్త నడుం ఎత్తండి."

నిజానికి తప్పిపోయేది రైలులాంటిదే. అత్తగారు మందు వేసుకుని కునుకు తీసేది రెండింటికి. కూతురు బడి నుంచి వచ్చేది నాలుగింటికి. ఆ మధ్యన ఉన్న రెండు గంటలే ఆమె రోజులో ఆమెకంటూ మిగిలినవి. ఆ రెండు గంటలూ ఆమె ఒక కోటలో గదులు గీసేది.

ఆ కోట పాతికేళ్ల కిందటి వీడియో గేములోది. దీపాలన్నీ ఆరిపోయిన వంద గదుల కోటలో ఒక ముసలి కాపలాదారు ఒక్కో గదిలో దీపం వెలిగించుకుంటూ పైకి పోవాలి, అంతే ఆట. అప్పట్లో పిల్లలందరూ దాని మీద పడి చచ్చేవారు. ఆమె మాత్రం ఆడలేదు, ఆడింది అన్నయ్య. "నీకు చేతకాదు గానీ, దారి గుర్తుపెట్టుకో" అనేవాడు. ఆమె పక్కన కూర్చుని లెక్కల పుస్తకం వెనక పేజీల్లో పటాలు గీసేది. ఏ తలుపు ఎటు తీస్తే ఎక్కడ తేలతామో, ఏ మెట్టు మీద కాలు పెడితే కూలుతుందో అన్నీ ఆ కాగితాల్లో ఉండేవి. వందో గదికి చేరిన రోజు అన్నయ్య వీధంతా చాటుకున్నాడు. పటాల సంగతి ఎవరికీ చెప్పలేదు. అప్పుడు ఆమెకు కోపం కూడా రాలేదు. ఆ గదులు అన్నయ్యకంటే తనకే బాగా తెలుసునన్న గర్వం ఉండేది లోపల, అది చాలుననుకుంది. తర్వాత ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో చేరి, పన్నెండేళ్లు పరాయివాళ్ల ఇళ్లు గీసింది. అత్తగారు బాత్రూంలో జారిపడ్డాక భర్త "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా" అన్నాడు. ఎవరో ఒకరు అనే మాటకు ఆ ఇంట్లో ఒకటే అర్థం ఉంది.

ఉద్యోగం మానేసిన మూడో నెలలో ఇంటర్నెట్లో ఒక ప్రకటన చూసింది. ఆ పాత ఆటను అభిమానులే ఇప్పటి కంప్యూటర్లకు తగ్గట్టు మళ్లీ తయారుచేస్తున్నారట. మొత్తం ఆరుగురు. ఎవరికీ జీతం లేదు, అందరూ ప్రేమ కొద్దీ చేసేవాళ్లే. గదులు గీసే మనిషి కావాలన్నారు. ఆమె ఏడో గదిని గుర్తున్నది గుర్తున్నట్టు గీసి పంపింది. మర్నాటికల్లా జవాబు వచ్చింది: "అన్నా, ఇన్నాళ్లూ ఎక్కడున్నావ్!" అది రాసినవాడు ఆ బృందాన్ని నడిపే ప్రోగ్రామరు. అందరూ అతన్ని కెప్టెన్ అనేవారు. ఆమె పెట్టుకున్న మారుపేరు 'పటం' కాబట్టి ఆమె పటమన్న అయిపోయింది. దిద్దుదామనుకుంది. కానీ ఆ 'అన్నా'లో ఒక చనువుంది. "పటమన్నా, ఈ తలుపు ఇటా అటా? నువ్వెలా అంటే అలా" అనేవారు. నువ్వెలా అంటే అలా అని ఆమెతో ఎవరూ అనక ఎన్నేళ్లయిందో. రేపు చెబుదాంలే అనుకుంటూనే ఏడాదిన్నర గడిపేసింది.

ఆట మొదట వేసవికి వస్తుందన్నారు. కెప్టెన్‌కి తను రాసిన ప్రోగ్రాం నచ్చక మొత్తం మళ్లీ రాశాడు. వాయిదా పడింది. ఎనిమిది నెలల తర్వాత దీపపు వెలుతురు గోడ మీద పడే తీరు నచ్చక ఇంకోసారి తిరగరాశాడు. మళ్లీ వాయిదా. రెండుసార్లూ ప్రకటనలో "మంచి పనికి తొందర పనికిరాదు" అని రాశాడు. ఎదురుచూస్తున్న వేలమంది చప్పట్లు కొట్టారు, కళాకారుడంటే ఇలా ఉండాలన్నారు. వెలుతురు మారినప్పుడల్లా గదులన్నీ మొదటినుంచి గీయాల్సివచ్చింది మాత్రం ఆమెకే. అయినా ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

ఆ రోజు రెండింటికి, బృందమంతా మొట్టమొదటిసారి నోటితో మాట్లాడుకుందామన్నాడు కెప్టెన్. గొంతు బాగోలేదు, వింటానంతే అని రాసి కూర్చుంది. మైకు ఆపాననుకుంది. అది ఆగలేదు. నలభయ్యో గది మెట్ల గురించి ఎవరో చెబుతుండగా పక్కగదిలోంచి కేక వినబడింది.

"అమ్మాయ్! ఇప్పుడే వేసిన దుప్పటి తడిసిపోయిందే!"

"వస్తున్నానత్తయ్యా, మీరు కదలకండి!" అని తనూ ఇల్లెగిరిపోయేలా అరిచి పరిగెత్తింది.

ఇరవై నిమిషాల తర్వాత చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేసరికి అవతల చప్పుడు లేదు. ఎవరో నవ్వు ఆపుకుంటున్నట్టు మాత్రం తెలుస్తోంది.

"పటమన్నా... అంటే... అక్కా?" అన్నాడు కెప్టెన్.

"అవును."

"అయ్యో, ముందే చెప్తే మీ మీద ఇంత పని పెట్టేవాళ్లం కాదుగా అక్కా! ఇంట్లో మీకు బోలెడుంటాయి."

నువ్వు పోయి మీరు వచ్చింది. మర్యాద పెరిగిందని సంతోషించాలేమో. కానీ ఆ మర్నాటినుంచి తలుపు ఇటా అటా అని ఎవరూ అడగలేదు. "మీకు వీలైతే", "మీకు ఇబ్బంది లేకపోతే" అనడం మొదలైంది. ఆమె కట్టకడపటికి దాచిపెట్టుకున్న వందో గదిని కొత్తగా చేరిన ఒకతనికి ఇచ్చేశారు. "మీకు భారం తగ్గిద్దామని" అన్నాడు కెప్టెన్. భారం తగ్గించడమనే మాట ఇంట్లో ఆమె ఎన్నడూ విని ఎరగదు. విన్న ఒక్కచోటా ఇలా విన్నది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ నెలలోనే అత్తగారికి వీపు మీద పుండు పడింది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలన్నాడు డాక్టరు. మందు వేసుకున్నా నొప్పికి నిద్ర పట్టేది కాదు. కోడలి గదిలో కుర్చీ లాగిన చప్పుడైతే చాలు, పిలుపు వచ్చేది. పాపం ఆ పిలుపులో అధికారం కూడా లేదు. "నిన్ను చంపుతున్నానే అమ్మాయ్" అని ఒకసారి ఏడ్చేసింది అత్తగారు. ఇద్దరాడవాళ్లూ ఒకరినొకరు చూసుకుని, మళ్లీ దుప్పటి పనిలో పడ్డారు. భర్త సాయంత్రం వచ్చి తల్లి మంచం పక్కన ఐదు నిమిషాలు కూర్చుని "ఎలా ఉందమ్మా?" అని అడిగి టీవీ ముందుకి వెళ్లేవాడు. అమ్మను ఎంత బాగా చూసుకుంటాడో అని ఆడపడుచు ఫోన్లో మురిసిపోయేది. డెబ్భై ఒకటో గది ఐదు వారాలు అలాగే ఉండిపోయింది.

మూడో వాయిదా ప్రకటన అప్పుడు వచ్చింది. "మా బృందంలో ఒకరి కుటుంబ బాధ్యతల కారణంగా ఆట మరో మూడు నెలలు ఆలస్యమవుతుంది. దయచేసి అర్థం చేసుకోండి."

పేరు రాయలేదు. రాయకపోతే ఏం, గంటలో అందరికీ తెలిసిపోయింది. కూతురు ఫోను పట్టుకుని వచ్చింది. పన్నెండేళ్ల పిల్ల.

"అమ్మా, ఇది నువ్వేనా? 'ఆవిడ కుక్కరు దించేసరికి మనకి పళ్లూడిపోతాయి' అని రాశారు చూడు." చదువుతూ చదువుతూ నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు రాసినదానికి ఆమె అంతగా బాధపడలేదు. పిల్లకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ నేర్చుకుంది? ఈ ఇంట్లోనే, ఈ భోజనాల బల్ల దగ్గరే నేర్చుకుని ఉండాలి. "మీ అమ్మ తయారయ్యేసరికి తెల్లారుతుంది" అని వాళ్ల నాన్న అన్నప్పుడల్లా తను కూడా నవ్వింది కదా, నవ్వకపోతే మొహం ముడుచుకుందంటారని.

కెప్టెన్‌కి విడిగా రాసింది: "మొదటి రెండు వాయిదాలూ ఎవరివల్లో రాయలేదేం?"

"అది టెక్నికల్ కదక్కా. ఇది పర్సనల్. అయినా మీ మీద జాలి కలగాలనే అలా రాశాను."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర భర్తకు చెప్పింది. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు, చెప్పుకోవడానికి మరెవరూ లేకపోవడం వల్ల కావచ్చు. అతను బస్సు డిపోలో వేళల పట్టికలు వేస్తాడు. ఆలస్యాల గురించి అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు.

"మా దగ్గర బస్సు ఐదు నిమిషాలు లేటైతే కారణం రాయాలి. కాగితం మీద పద్నాలుగు కారణాలుంటాయి, దాంట్లో ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. పదిహేనోది లేదు. ఆలస్యమన్నాక ఎవరో ఒకరి నెత్తిన పడాల్సిందే" అన్నాడు. ఆఖరి ముద్ద తినేసి, "అసలు నాకు తెలియక అడుగుతాను, జీతమా బత్తెమా? పైసా రాని పని రోజూ అంత నిష్ఠగా ఎవరైనా చేస్తారా, పిచ్చి కాకపోతే!" అంటూ ఖాళీ కంచం ఆమె వైపు జరిపాడు.

ఆమె కంచం తీసుకుని లేచింది.

ఆ తర్వాత మూడు నెలలూ పంతం పట్టినట్టు గీసింది. పప్పు ఉడికేలోపు ఒక గోడ, బట్టలు ఆరేసి వచ్చాక ఒక కిటికీ. నడుం పట్టేస్తే నిలబడి గీసింది. ఒక గదికీ ఇంకో గదికీ మధ్య అత్తగారిని ఎటు తిప్పిందో మర్చిపోయి, వెళ్లి అడిగేది, "ఇందాక ఎడమా కుడా అత్తయ్యా?" అని. ఒక మంగళవారం తొంభై తొమ్మిదో గది పూర్తయింది. పంపితే, కెప్టెన్ బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టాడు. వందో గది తీసుకున్నతను ఒక్క గీత కూడా గీయలేదు. స్ఫూర్తి రావడం లేదన్నాడు. దానికి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ వారమే ఉత్తరం వచ్చింది. ఆ ఆట మీద హక్కులున్న కంపెనీ తరఫు వకీలు రాశాడు. పని ఆపేయాలి, చేసినదంతా చెరిపేయాలి, చెరిపేశామని ఒక్కొక్కరూ రాసివ్వాలి. కెప్టెన్ అందరికీ చివరి సందేశం పెట్టాడు: "మూడు నెలల కిందట విడుదలై ఉంటే ఈ ఉత్తరం వచ్చేసరికి ఆట లక్షమంది చేతుల్లో ఉండేది. ఆ మూడు నెలలే మన కొంప ముంచాయి." ఆ ముందరి వాయిదాలు ఎవరికీ గుర్తు రాలేదు. గీయని వందో గదీ గుర్తు రాలేదు. ఆమె జవాబు రాయడం మొదలుపెట్టింది. నెలలూ తేదీలూ అన్నీ వరసగా గుర్తున్నాయి ఆమెకు. సగం రాశాక, ఇది చదివేదెవరని ఆగిపోయింది. రాసింది తుడిచేసి, తొంభై తొమ్మిది గదులూ ఒకేసారి ఎంచుకుని తొలగించమంది. నిజంగా తొలగించాలా అని అడిగింది కంప్యూటరు. ఆమె వేలు చాలాసేపు ఆ మీట మీదే ఉండిపోయింది. ఉద్యోగం మానేసినప్పుడు కూడా ఎవరూ ఆమెను ఇలా రెండోసారి అడగలేదు. తర్వాత నొక్కింది. అంత పని చెరిగిపోవడానికి ఇంత తక్కువ సమయం పడుతుందని ఆమె అనుకోలేదు.

మర్నాడు సాయంత్రం భర్త బూట్లు విప్పుకుంటూ అన్నాడు.

"పోనీలే, ఒక గొడవ వదిలింది. అన్నట్టు, చెల్లాయి వాళ్ల చిన్నదాన్ని రేపట్నుంచి మధ్యాహ్నాలు మన దగ్గర వదులుతుంది. నేను సరేనన్నాను."

"ఎప్పుడన్నారు?"

"పొద్దున్నే. ఆట ఆగిపోయిందని అమ్మాయి చెప్పింది. నీకింక ఖాళీయేగా!"

ఆమె చేతిలో అతనికి తెచ్చిన మంచినీళ్ల గ్లాసుంది. దాన్ని బల్ల మీద పెట్టింది. చచ్చిపోయిన మనిషి మంచం ఇంకా చల్లబడకముందే ఆ చోటు ఇంకొకరికి చూపించేసినట్టుంది ఆమెకు. ఇతనికి కోపం లేదు, క్రూరత్వం లేదు. ఒక ఖాళీ సీటు కనిపించింది, మనిషిని కూర్చోబెట్టాడు, అంతే.

"కుదరదని చెప్పండి."

"ఎందుకు కుదరదు? ఆట లేదుగా!"

"ఆట లేదు. రెండు నుంచి నాలుగు దాకా నేనూ లేను."

"లేకపోవడమేంటి? ఎక్కడికెళ్తావ్?"

"ఎక్కడికీ వెళ్లను."

"మరేం చేస్తావ్?"

"ఏమీ చెయ్యను."

అతను కూతురు వైపు చూసి నవ్వాడు, వినవే మీ అమ్మ మాటలు అన్నట్టు. కూతురు పుస్తకంలోంచి తలెత్తలేదు.

మర్నాడు రెండింటికి అత్తగారిని ఎడమవైపుకి తిప్పి, మందు వేసి, కునుకు పట్టేదాకా పక్కన ఉండి, తన గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. కంప్యూటరు పెట్టలేదు. కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఏడుపు వస్తుందనుకుంది గానీ అదీ రాలేదు. బల్ల, గోడ, కిటికీ ఉన్నాయి. ఈ గదిని ఎవరైనా గీస్తే ఎంతసేపు పడుతుందోనని ఆలోచించి, ఆ ఆలోచన కూడా వద్దనుకుని వదిలేసింది. కాసేపటికి వీధి తలుపు బెల్లు మోగింది. "వదినా! ఇంట్లోనే ఉన్నావుగా, తలుపు తియ్యి!" అంది ఆడపడుచు. అంటే ఆయన చెప్పలేదన్నమాట. మళ్లీ మోగింది. చిన్నపిల్ల ఏడుపు వినిపించింది. పిల్ల ఏం తప్పు చేసింది, లేచి వెళ్లి ఎత్తుకుంటే ఏం పోయింది అనిపించింది. మోకాళ్లు తమంతట తామే లేవబోయాయి. రెండు చేతులతో కుర్చీని పట్టుకుంది. మెట్ల మీద అడుగులు కిందికి దిగి, ఆగి, మళ్లీ పైకి వచ్చాయి. బెల్లు మూడోసారి మోగింది.

ఆమె లేవలేదు.