ఆపరేషన్ అయిన మనిషి

"అమ్మాయ్, గిన్నెలు అక్కడే వదిలెయ్. కామేశ్వరిగారు గేటు తీస్తున్నారు. గబుక్కున వెళ్లి మంచమెక్కు," అంది అత్తగారు సూర్యకుమారి. విజయదుర్గ సబ్బు చేతులు చీరకి తుడుచుకుని, మంచమెక్కి దుప్పటి కప్పుకుంది. నిన్న రాజమండ్రిలో ఆపరేషన్ జరిగింది ఆమె భర్త నాగసతీష్‌కి. కొత్తపేటలో అత్తగారు అందరికీ చెప్పింది మాత్రం కోడలికని. ఏసీ గదిలో సతీష్ పడుకున్నాడు కాబట్టి, ఈ దొంగ రోగి మంచం హాల్లో ఫ్రిజ్ పక్కన పడింది.

పిల్లలు లేరని ఇన్నేళ్లూ సూదులూ కోతలూ అన్నీ దుర్గకే. ట్యూబుల పరీక్ష, పొట్టకి చిల్లులు పెట్టి గర్భసంచి చూడడం, పైగా పలివెల గుళ్లో ప్రదక్షిణలు. "మా ఇంటి మగాళ్లకి ఏ లోపమూ లేదమ్మా," అనేది అత్తగారు. పరీక్షకి శాంపిల్ ఇవ్వడానికి సతీష్ ఒప్పుకునేసరికి దుర్గ తలలో తెల్లవెంట్రుకలు మొదలయ్యాయి. తీరా చూస్తే వీర్యకణాలు ఒక్కటీ లేవు. "కంగారు పడకండి, వృషణంలో ఉండొచ్చు. ముందు సూదితో తీస్తాం. దొరక్కపోతే చిన్న కోత పెట్టి మైక్రోస్కోపుతో వెతుకుతాం," అన్నాడు డాక్టరు. సూది అనగానే సతీష్ మొహం పాలిపోయింది. అది చూసి జాలిపడిందీ దుర్గే, చెయ్యి పట్టుకుందీ దుర్గే. సూదితో దొరకలేదు, కోతలో దొరికాయి. దాచి ఉంచారు. ఇక అండాలు తీయడానికి మళ్లీ ఇంజెక్షన్ల వంతు దుర్గది. మత్తు దిగగానే సతీష్ అన్న మొదటి మాట: "బయట తెలిస్తే తలెత్తుకోలేను. ఆపరేషన్ నీకని చెబుదాం. ఆడవాళ్లకైతే ఎవరూ ఏమీ అనుకోరు." ఏమీ అనుకోరట! ఇన్నేళ్లూ జనం అనుకున్నదంతా ఎవరి గురించో మరి! ఒళ్లు మండిపోయింది దుర్గకి.

పక్కింటి కామేశ్వరి బీరకాయ పత్యం కూర క్యారియర్లో పెట్టుకుని వచ్చి, మంచం పక్కన కూర్చుంది.

"మా సతీషు బంగారమండి వదినగారూ. ఇంకొకడైతే ఈపాటికి రెండో పెళ్లి చేసుకునేవాడు," అంది అత్తగారితో.

"ఆయ్, మావాడు అలాంటోడు కాదండి," అంటూ అత్తగారు కళ్లొత్తుకుంది. నిజం కన్నీళ్లే! దుర్గకి నవ్వాలో అరవాలో తెలియలేదు.

అంతలో గదిలోంచి కేక. "దుర్గా! ఐసు కరిగిపోయింది. ఇంకోటి తే!"

అలవాటు కొద్దీ దుర్గ కాళ్లు కింద పెట్టింది.

"లేవకమ్మా! కుట్లు తెగిపోగలవు!" కామేశ్వరి భుజం పట్టుకుంది. వెనకనుంచి అత్తగారు, వెళ్లమని కళ్లతోనే సైగ చేసింది. దుర్గ ఇద్దర్నీ చూసింది. తీరిగ్గా కాళ్లు మంచం మీదకి లాక్కుంది.

"ఆయ్ పిన్నిగారూ. కదలొద్దన్నారండి డాక్టరుగారు."

అత్తగారు మోకాళ్లు పట్టుకుని లేచేలోపే తలుపు తెరుచుకుంది. సతీష్ ఒక చేత్తో లుంగీ ఎత్తి పట్టుకుని, కాళ్లు ఎడంగా వేసుకుంటూ, మూలుగుతూ ఫ్రిజ్ దగ్గరికి వచ్చాడు. రెండో చేతిలో కరిగిన ఐసు సంచి. కామేశ్వరిని చూసి అక్కడే ఆగిపోయాడు.

కామేశ్వరి అతన్ని చూసింది. ఆ నడక చూసింది. దుర్గ వైపు తిరిగి, "ఆపరేషన్..." అని ఆగిపోయింది.

దుర్గ దుప్పటి తీసేసి లేచి కూర్చుంది. క్యారియర్ అత్తగారి చేతికి అందించింది.

"పత్యం కూర ఆయనకి పెట్టండి అత్తయ్యగారూ. నాకు ఆవకాయ కావాలి."