మూత తీయని సీసా

"దాన్ని అక్కడినుంచి కదపకు," అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

ఆమె స్టూలెక్కి, పొయ్యి పైనున్న అల్మారాలోంచి నురగ వైన్ సీసాని దించబోతోంది. "పొయ్యి వేడికి పాడైపోతుందండీ. మంచం కింద పెట్టెలో పెడతాను. చల్లగా, చీకటిగా ఉంటుంది."

"నాలుగేళ్ళుగా అక్కడే ఉందిగా. ఇప్పుడేం మునిగిపోయింది?"

"నాలుగేళ్ళయింది కనకే. మూత తీయకపోయినా ఈ రకం మూడు నాలుగేళ్ళకి మించి బాగుండదట. నురగ తగ్గిపోయి చప్పగా అయిపోతుందట."

"వైన్ పాతబడేకొద్దీ బాగుంటుంది."

"ఆ మాట వేరే వైన్‌కి. దీనిక్కాదు."

"సరేలే, నీకన్నీ తెలుసు. ఇంకో రెండేళ్ళు దానికేం కాదు, నాదీ పూచీ. దిగు ముందు."

ఆమె దిగింది. ఆ పూచీ అన్న మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. పిల్లకి జ్వరమొస్తే మందు ఏ సొరుగులో ఉందో తెలియదనే మనిషి, కుళాయి కారుతుంటే నాకేం తెలుసనే మనిషి, పెళ్ళయ్యాక మొదటిసారి ఇంట్లో ఒక వస్తువుకి పూచీ పడ్డాడు. అదీ ఆమెకంటూ ఉన్న ఒకే ఒక్క వస్తువుకి. సిరప్ సీసాలు నింపే కంపెనీలో నాణ్యత చూసే బల్ల దగ్గర ఆమె ఆరేళ్ళు పనిచేసింది. కడుపుతో ఉండి పని మానేసిన రోజున, బల్ల దగ్గరి ఆడవాళ్ళు నలుగురూ కలిసి ఆ వైన్ కొనిచ్చారు. "నువ్వు తిరిగొచ్చిన రోజు తెరుద్దాం, అందాకా తాగావో చూడు," అన్నారు. పాప బడికి వెళ్ళడం మొదలయ్యాక ఆమె ఉద్యోగం మాట ఎత్తినప్పుడల్లా భర్త ఒకటే అనేవాడు, "వాళ్ళకి నీ అవసరముంటే వాళ్ళే పిలుస్తారుగా." పిలవలేదు. అందుకే దుమ్ము తుడిచేటప్పుడు కూడా సీసా మెడ తుడిచి వదిలేసేదే తప్ప చేతిలోకి తీసుకునేది కాదు. తీసుకుంటే ఆ రోజంతా పని సాగేది కాదు.

అతను ఆఫీసుకి వెళ్ళగానే మళ్ళీ స్టూలెక్కింది. సీసా దించి, చేయి తన పని తాను చేసుకున్నట్టుగా అడుగు పైకి తిప్పింది. బ్యాచ్ నంబరు చూసింది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది. ఇచ్చిన రోజు కూడా ఇలాగే తిప్పి చూస్తే, "బహుమతిని కూడా పరీక్ష చేస్తావుటే," అని నలుగురూ నవ్వారు. ఆ నంబరు ఆమెకి సొంత పుట్టినరోజంత బాగా గుర్తు. ఇది అది కాదు. అదే కంపెనీ, అదే బంగారు రంగు కాగితం, అదే లేబులు. నంబరులో సంవత్సరాన్ని చెప్పే మొదటి అంకెలు మాత్రం పోయినేటివి. పాలపొడి డబ్బా ఏది తెమ్మంటే ఏదో తెచ్చే మనిషి, దీన్ని మాత్రం వెతికి వెతికి అచ్చం అలాంటిదే తెచ్చాడు.

అత్తగారు బల్ల దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆమె ఎదురుగా కూర్చుని తనూ నాలుగు కాయలు తీసుకుంది. తెలియనట్టు అడిగితే దాటేస్తుంది. తెలిసినట్టే అడిగింది.

"అత్తయ్యా, ఆ వైన్ తెరిచినప్పుడు మీరూ తాగారా?"

"ఒక్క గుక్కేనమ్మా. బుడగలు ముక్కుకెక్కి దగ్గొచ్చింది. వాడు చెప్పాడా నీకు?"

"చెప్పార్లెండి. ఎవరి కోసం తెరిచారన్నారు?"

"మీ కంపెనీకి కొత్తగా వచ్చిందట, పొడుగాటి మేనేజరమ్మ. నువ్వు పిల్లని తీసుకుని మీ అమ్మ దగ్గర పది రోజులున్నావు చూడు, అప్పుడు. మర్యాద చేయడానికి ఇంట్లో ఇంకేం లేకపోయింది."

"ఎందుకొచ్చిందో?"

"నిన్ను పన్లోకి పిలవడానికే కదుటే." అత్తగారి వేళ్ళు ఆగాయి. "నీకా ఉద్దేశం లేదన్నాడు. నిన్నడిగే చెప్పాడనుకున్నాను. అడగలేదా?"

ఆమె ఒలిచిన గింజలు గిన్నెలో వేసి, ఫోన్ తీసుకుని గదిలోకి వెళ్ళింది. తనను తిరిగి రమ్మని వచ్చిన మనిషికి తన సీసానే పోసి, తను రానని చెప్పి పంపించాడు. పైగా ఏడాదిగా "వాళ్ళే పిలుస్తారుగా" అంటున్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా అతని కళ్ళు ఎటు చూసేవో గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు. అప్పుడామె అతనికి వడ్డిస్తూ ఉండేది.

రాత్రి భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక ఆమె కూడా కూర్చుంది. అత్తగారు తల వంచుకుని తింటోంది.

"మేనేజరుగారికి ఫోన్ చేశాను," అంది ఆమె.

అతని చేయి ఆగింది. "ఏ మేనేజరు?"

"మీరు మర్యాద చేసి పంపించినావిడ."

అతను తల్లి వైపు చూశాడు. తల్లి నీళ్ళ గ్లాసు అందుకుంది. "అప్పుడు పాప చిన్నదని, నీకు కష్టమవుతుందని..." అని నసిగాడు.

"అప్పుడు నాకిస్తామన్న పగటి ఉద్యోగం వేరే ఆవిడకి ఇచ్చేశారట. పొద్దున్న ఆరింటి షిఫ్టు ఒకటి ఖాళీ ఉందన్నారు. సోమవారం నుంచి వస్తానని చెప్పేశాను."

"ఆరింటికా? మరి పాపని లేపి, తినిపించి, బడికి ఎవరు పంపిస్తారు?"

ఆమె పాప పళ్ళెం అతని వైపు జరిపింది.

"నా బదులు ఆవిడకి జవాబు చెప్పారుగా. ఇది కూడా నా బదులు మీరే చేయండి."