చలిగదిలో తెల్లపువ్వు

వెంకటనర్సమ్మ కుండీ మీదికి వంగి మరో గ్లాసు నీళ్లు పోసింది. పోస్తూనే గాజు తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు.

నాచారంలోని ఆ విత్తనాల కంపెనీ బయట మే నెల ఎండ మండుతున్నా ఈ చలిగదిలో మాత్రం వణుకు పుడుతుంది. కుండీలో ఉన్నది ఆవాల జాతి అడవి మొక్క. హిమాలయాల్లో చెట్ల నీడన పెరిగేదాన్ని ఇక్కడ మొక్కల మీద పరిశోధన చేసే మానస మేడం స్వయంగా తవ్వి తెచ్చింది. మొన్నటిదాకా ముల్లంగి పువ్వుల్లాంటి నాలుగు రెక్కల తెల్లపూలు పూసింది. మేడం ఊరెళ్లిన ఈ వారంలో ఆకులు పండిపోయాయి. వెంకటనర్సమ్మ ఎవరికీ చెప్పకుండా నీళ్లు ఎక్కువ చేసింది. ఈ రోజు చివరి ఆకు కూడా వాలిపోయింది.

మొక్కలకు నీళ్లు పోయడం ఆమె పని. బక్కపలచని మనిషి. ఇంతకుముందు మందుల ఫ్యాక్టరీలో సీసాలు కడిగి కడిగి గోళ్లు అరిగిపోయాయి. అక్కడ ఓసారి మందు పాడైతే సూపర్‌వైజర్ ఫోన్‌లో ఇంగ్లీషులో ఏదో మాట్లాడాడు. సాయంత్రానికి ఆమె గేట్‌పాస్ తీసేసుకున్నారు. తప్పెవరిదో అడగలేదు. అప్పటి నుంచి ఉప్పల్‌లో ఇంటి ఓనరు తలుపు తట్టినా ఆమె ఉలిక్కిపడుతుంది.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. అప్పుడే మానస వచ్చింది. కుండీ చూసి నవ్వింది. చలిగదిలో ఉన్నా వేసవి రాగానే ఇది ఆకులు రాల్చుకుని మట్టిలో దుంపగా నిద్రపోతుందనీ, చలికాలం వెళ్లాక మళ్లీ లేస్తుందనీ చెప్పింది.

"గిప్పుడు నీళ్లు మాత్రం వొయ్యొద్దు నర్సమ్మా. దుంప కుళ్లిపోతది."

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మానస తలుపు దాకా వెళ్లింది.

"మేడం, నేను వోసిన. వారం సంది మస్తు వోసిన. సచ్చిపోతదేమోనని బుగులైంది."

మానస ముఖంలో నవ్వు పోయింది. కుండీ బోర్లించింది. దుంపలు నల్లగా, మెత్తగా చితికిపోయాయి. బయటికెళ్లి ఫోన్ అందుకుంది. గాజుకు అవతల ఇంగ్లీషు మాటలు. మధ్యలో తన పేరు.

వెంకటనర్సమ్మ ఒంటిమీది స్వెటర్ విప్పి మేకుకు తగిలించి, వెనక తలుపు తెరుచుకుని వెళ్లిపోయింది.

నీళ్లు ఆపమని చెప్పకుండా ఊరెళ్లడం తన తప్పేననీ, నర్సమ్మను ఏమీ అనొద్దనీ అప్పుడు మానస ఫోన్‌లో పైవాళ్లకు చెబుతోంది. తిరిగొచ్చి మట్టి వెతికితే గింజంత దుంప ఒకటి తెల్లగా, గట్టిగా దొరికింది.

"నర్సమ్మా, ఒకటి బతికింది."

గదిలో ఎవరూ లేరు. ఆ రోజూ, ఆ తర్వాతా ఆమె ఫోన్ కలవలేదు. ఆమె మళ్లీ ఆ గేటు దాటి లోపలికి రాలేదు.

తలుపు పక్క మేకుకు ఆమెకు కంపెనీ ఇచ్చిన ఊలు స్వెటర్, మోచేతుల దగ్గర వంపు పోకుండా, అలాగే వేలాడుతోంది.