మనవరాలి మీద చాడీలు

సాయం చేసే కార్యాలయాలన్నీ ఊరికి నాలుగు మూలలా ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బడివాళ్ళు సంక్షేమ కార్యాలయానికి వెళ్ళమన్నారు. అక్కడివాళ్ళు ఆసుపత్రి నుంచి కాగితం తెమ్మన్నారు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారు సెలవు మీద ఉన్నారు. ఆయన తిరిగొచ్చేసరికి బడికి సెలవులిచ్చారు. చెప్పులరిగేలా తిరిగానంటే మాటవరసకు అంటున్నాననుకుంటారు గానీ, నా ఎడమకాలి చెప్పు మడమ దగ్గర నిజంగానే అరిగిపోయింది. నేను ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. పనిలో నిలబడి, కార్యాలయాల్లో నిలబడి, ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడి, పడుకున్నాక కూడా ఇంకా నిలబడే ఉన్నట్టుండేది.

ఇదంతా మా అమ్మాయి గువ్వ కోసం. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని అత్తయ్య పెట్టిన ముద్దుపేరు అది. ఇప్పుడు తొమ్మిదేళ్ళు, నా భుజం దాకా వచ్చింది. మాటలు రావు. నవ్వితే మాత్రం ఎంత అలిసిపోయినవాళ్ళకైనా నవ్వొస్తుంది. కానీ తలుపు కాస్త తెరిచి ఉంటే చాలు, రివ్వున రోడ్డు మీదికి పోతుంది. ఒకసారి బస్సుకు అడ్డం పడబోతే మూలనున్న మందుల కొట్టతను రెక్క పట్టుకుని లాగాడు. బడిలో దానికి తోడుండే ఆయా లేదని మధ్యాహ్నానికే ఇంటికి పంపేస్తారు. మా ఆయన లారీ డ్రైవరు, ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. నేను ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఈలోగా పిల్లను చూసుకునేది అత్తయ్యే.

ఇలాంటి పిల్లల్ని సాయంత్రం దాకా చూసుకునే కేంద్రం ఒకటి ఉందని ఏ కార్యాలయమూ చెప్పలేదు. నాతోపాటు దుప్పట్లు మడతపెట్టే ఆవిడ చెప్పింది. వాళ్ళ బండే వచ్చి బడి నుంచి తీసుకెళ్తుందట, చీకటిపడ్డాక ఇంటి దగ్గర దింపుతుందట. అప్పుడే ఒక చోటు ఖాళీ అయింది, అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరి అవసరం ఎక్కువో ఇంటికొచ్చి చూసి తేలుస్తామన్నారు.

ఇంటికి మనిషి వస్తుందనగానే అత్తయ్య నడుం బిగించింది. గువ్వ గోడల మీద గీసిన గీతలన్నీ తడిగుడ్డతో రుద్దింది. పిల్ల విసిరి పగలగొట్టిన అద్దం స్థానంలో క్యాలెండరు తగిలించింది. తలుపుకు పైన ఒకటి, కింద ఒకటి గొళ్ళేలు పెట్టించుకున్నాం, వాటి మీద మా ఆయన వానకోటు వేలాడదీసింది. పిల్లకు తలస్నానం చేయించి, ఇస్త్రీ గౌను వేసి, బట్టలకు పెట్టే క్లిప్పుల బుట్ట ముందు పెట్టింది. రంగురంగుల క్లిప్పులుంటే గువ్వ కాసేపు కుదురుగా కూర్చుంటుంది.

"ఇల్లు ఇలా ఉంటే చోటు ఎవరిస్తారు అత్తయ్యా?" అన్నాను.

"పరాయి మనిషి వస్తే ఇల్లు దులుపుకోకుండా ఎలా ఉంటాం అమ్మాయ్?" అంది.

వచ్చినావిడ కళ్ళజోడు పెట్టుకున్న, తక్కువ మాట్లాడే మనిషి. గువ్వ ఆరోజు దేవతలా ప్రవర్తించింది. ఎర్ర క్లిప్పులన్నీ ఒకవైపు, పచ్చవన్నీ ఒకవైపు పెడుతూ తలెత్తలేదు. మధ్యాహ్నాలు ఎలా గడుస్తాయని ఆవిడ అడిగితే, "ఇదిగో, ఇలాగే. బంగారుతల్లి. నాకేం ఇబ్బంది లేదు," అంది అత్తయ్య. నాకు కడుపు మండిపోయింది. కానీ పరాయి మనిషి ముందు అత్తగారి మాట కొట్టేయడానికి నోరు రాలేదు. టీ ఇచ్చి, మెట్ల దాకా వెళ్ళి సాగనంపి వచ్చాం. అత్తయ్య ముఖం వెలిగిపోతోంది. "మంచావిడ. ఇల్లు బాగుందంది," అని సంబరపడింది.

తర్వాత కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. మీ ఇంట్లో పిల్లకు మంచి ఆసరా ఉంది కాబట్టి చోటు వేరేవాళ్ళకు ఇస్తున్నామని, వచ్చే ఏడాది మళ్ళీ అడగమని. ఇస్త్రీ యంత్రం పక్కన నిలబడి విన్నాను. ఏడుపు కూడా రాలేదు, ఏడవడానికీ కాస్త ఓపిక ఉండాలి.

మర్నాడే వాళ్ళ కార్యాలయానికి వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాను, లేవనన్నాను. చోటు ఇంకా ఇవ్వలేదని, మళ్ళీ ఒకసారి వింటామని చివరికి ఒప్పుకున్నారు. అయితే మధ్యాహ్నాలు పిల్లతో ఉండే మనిషే వచ్చి చెప్పాలన్నారు.

అత్తయ్య ససేమిరా అంది. "నేనొచ్చి నలుగురిలో నా మనవరాలి మీద చాడీలు చెప్పనా?"

"చాడీలు కాదు అత్తయ్యా, ఉన్నదే చెప్పండి. రోడ్డు మీదికి పోతుందని చెప్పండి. గిచ్చుతుందని చెప్పండి."

"పిల్ల వింటుంది."

"దానికి అర్థం కాదు."

"నీకెవరు చెప్పారు అర్థం కాదని?"

నాకు ఒళ్ళు మండింది. "మీకేం, ఇంట్లో నీడపట్టున కూర్చుంటారు. తిరగలేక చచ్చేది నేను కదా," అన్నాను. ఆవిడ గిన్నెలు తీసుకుని తోముకోవడానికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే ఆవిడ మంచి బట్టలు కట్టుకుని, పిల్లకు జడ వేసి, గడప దగ్గర నిలబడి ఉంది.

బస్సులో గువ్వ కిటికీకి చెంప ఆనించి కూర్చుంది. అత్తయ్య దాని మణికట్టు వదల్లేదు. కార్యాలయంలో చిన్న గదిలో అదే కళ్ళజోడావిడ, ఆవిడ పక్కన ఇంకో పెద్దాయన ఉన్నారు. మూడు కుర్చీలు వేశారు. గువ్వ కూర్చోలేదు, అత్తయ్య ఒడికి ఆనుకుని నిలబడింది.

"చెప్పండి పెద్దమ్మగారూ, పాపతో మీకేం కష్టంగా ఉంది?" అన్నాడు పెద్దాయన.

"కష్టం ఏముంది బాబూ? తెలివైన పిల్ల. రంగులన్నీ తెలుసు. నేను బాధపడితే దానికి ఇట్టే తెలిసిపోతుంది," అంది అత్తయ్య.

నేను కళ్ళు మూసుకున్నాను. అయిపోయింది, ఇక ఇంటికి పోవడమే అనుకున్నాను. నేనే చెబుదామని నోరు తెరిచేసరికి కళ్ళజోడావిడ చెయ్యెత్తి ఆపింది.

"పాప సంగతి వద్దులెండి. మీ సంగతి చెప్పండి. మధ్యాహ్నం మీరు ఎప్పుడు తింటారు?"

అత్తయ్య ఆ ప్రశ్నకు సిద్ధంగా లేదు. మనవరాలిని వెనకేసుకొద్దామని వచ్చిందే గానీ, తన గురించి అడుగుతారని ఆవిడకు తట్టలేదు.

"కోడలు వచ్చాక."

"అప్పటిదాకా తినరా?"

"ప్లేటు పట్టుకుంటే చేతులు ఖాళీ ఉండవు కదమ్మా. పైగొళ్ళెం దానికి ఇప్పుడు అందుతోంది. పొడుగైంది."

"మంచినీళ్ళు?"

అత్తయ్య నావైపు చూసింది. చిన్నపిల్లలా చూసింది.

"పొద్దున ఒక గ్లాసు. అంతే. తాగితే బాత్రూముకు వెళ్ళాల్సొస్తుంది. నేను లోపలికెళ్ళి తలుపేసుకుంటే అది బయటికి పోతుంది. ఒకసారి అలాగే బస్సు దాకా పోయింది. అప్పట్నుంచి నేను తాగడం మానేశాను. తలుపుకు వీపు ఆనించుకుని కూర్చుంటా. కోడలు వచ్చాకే లేస్తా." గువ్వ జడ సర్దుతూ, "ఇది పిల్ల తప్పు కాదు. నాకు ఓపిక తగ్గింది, అంతే. నా వల్ల కావడం లేదమ్మా," అంది.

ఆ మాట ఇన్నేళ్ళలో ఆవిడ నోట నేను వినలేదు. నేను గుమ్మం తొక్కగానే ఆవిడ గబగబా లోపలికి వెళ్ళేది. నన్ను చూడగానే పిల్లను నా మీద వదిలేసి పోతుందని ఎన్ని సాయంత్రాలు లోలోపల సణుక్కున్నానో. మూత్రంలో మంటగా ఉందని ఆవిడ రెండుసార్లు మందు తెప్పించుకుంటే వయసు మీద పడిందనుకున్నాను. సిగ్గుతో తల పైకి లేవలేదు.

పెద్దాయన కళ్ళజోడావిడ వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది. సోమవారం నుంచి పంపమన్నారు. గువ్వ ఆయన బల్ల మీది పెన్ను తీసి నేలకేసి కొట్టింది. ఆయనే వంగి తీసుకున్నాడు.

బయట వరండాలో కూర్చున్నాం. సంతోషించాల్సిన సమయమే, కానీ ఇద్దరికీ ఒంట్లో సత్తువ లేదు. "నా చేతగానితనం చెప్పి తెచ్చుకున్నాం చోటు," అంది అత్తయ్య. నేను కుళాయి దగ్గరికి వెళ్ళి గ్లాసు నింపి తెచ్చాను. ఆవిడ తీసుకోలేదు. ముందు గువ్వ చేతికేసి, తర్వాత తెరిచి ఉన్న గేటుకేసి చూసింది.

"నేను పట్టుకున్నాను అత్తయ్యా. తాగండి."

పిల్ల మణికట్టు ఆవిడ చేతిలోంచి నా చేతిలోకి వచ్చింది. ఆవిడ గుక్క తిప్పుకోకుండా తాగింది. ఖాళీ గ్లాసు నాకిచ్చి, "ఇంకొంచెం," అంది. రెండో గ్లాసు కూడా తాగి, ఇక్కడ బాత్రూము ఎక్కడో అడగమంది. చివర్లో ఉందని కాపలా అతను చూపించాడు. వెనక్కి తిరిగి చూడకుండా మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి తలుపు వేసుకుంది. చాలాసేపు రాలేదు. నేను పిలవలేదు.