వృత్తంలో నాలుగో వంతు

జోంబా ఊళ్లో లెక్కల శిబిరం ఆఖరి రోజది. గోడకు అంటించిన జాబితాలో తమండా పేరు ఏడోది. పోటీకి పంపే జట్టులో ఆరుగురే! ఇంకొకతైతే మూల కూర్చుని ఏడ్చేది. ఈ పిల్ల మాత్రం తన పేపరు పట్టుకుని సరాసరి కచింగ్వే సార్ బల్ల దగ్గరికి పోయింది.

ప్రశ్న చిన్నదే. వృత్తంలో గుడ్డిగా ఒక చుక్క పెడితే, అది అంచుకన్నా కేంద్రానికి దగ్గరగా పడే అవకాశం ఎంత? తమండా నాలుగో వంతు అని రాసింది. సార్ జవాబు సగం. ఇరవై ఏళ్లుగా శిబిరం నడుపుతున్న మనిషి, ఆయన రాసిందే రాత. ఎదురు చెప్పే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

“మీ జవాబు తప్పు సార్.”

సార్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

“ఓసి నీ ధైర్యం పాడుగాను! నా జవాబును కాదని ఓడిపోతే ఏమవుతుందో తెలుసుగా? పేపరు చించేస్తా. వచ్చే ఏడు గుమ్మం కూడా తొక్కనివ్వను.”

“తెలుసు సార్.”

ఆయన సుద్దముక్క తీసి బోర్డు మీద వృత్తం గీశాడు. కేంద్రం నుంచి అంచుదాకా ఒక గీత లాగి, సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టాడు. “చుక్క ఇలాంటి ఏదో ఒక గీత మీద ఉండాలి. ఇటు సగం, అటు సగం. ఇందులో నీకు అర్థం కానిదేముంది తల్లీ?”

అందరూ కిసుక్కున నవ్వారు. జాబితాలో ఆరోది ఎలూబీ, మూడు వారాలుగా తమండాతో ఒకే చాప మీద పడుకుంటున్న పిల్ల. అదీ చెయ్యి పట్టి లాగింది. “కూర్చోవే, పరువు తీస్తున్నావు.”

తమండాకు ఒళ్లు మండింది. విసవిసా వంటింట్లోకి వెళ్లింది. అక్కడ శిబిరానికి వండిపెట్టే నాబంద అమ్మ గుండ్రటి చేటలో చిక్కుడు గింజలు ఏరుతోంది.

“అమ్మా, చేట తీసుకుని ఒక్కసారి రండి.”

“గింజలు పారబోశావో, మధ్యాహ్నం మొక్కజొన్న సీమా ముద్దలోకి కూరుండదు. తర్వాత నన్ననకు!” అంటూనే ఆవిడ వెంట వచ్చింది.

తమండా గింజలు పక్కకు తీసి, చేట నడిమి నుంచి అంచుకు సగం దూరంలో బొగ్గుతో చిన్న వృత్తం గీసింది. “ఇప్పుడు గింజ మీద గింజ ఎక్కకుండా అంతటా పరవండమ్మా.” ఆ చేతులకు అదెంత పని! క్షణంలో చేట నిండా సమంగా పరుచుకున్నాయి.

“ఏ చోటుకీ ఎక్కువ లేదు, ఏ చోటుకీ తక్కువ లేదు. గుడ్డిగా పెట్టే చుక్కకు ఇదే న్యాయం. ఔనా సార్?”

“ఔను,” అన్నాడాయన, ఇంకా నవ్వుతూనే.

బొగ్గు గీత లోపలి గింజలు తీస్తే ఒక కప్పు నిండింది. బయటివి తీస్తే మూడు నిండాయి. సార్ నవ్వు ఆగిపోయింది.

“మీ గీతలన్నీ కేంద్రం దగ్గర కిక్కిరిసి, అంచు దగ్గర పలచబడతాయి సార్. మీ లెక్కే నిజమైతే సగం గింజలు లోపల పట్టాలి. పట్టించండి, చూస్తాను!”

“పోస్తే కుప్పవుతుంది గానీ, పరవడం ఎందుకవుతుంది?” అంది నాబంద అమ్మ.

సార్ చెమట తుడుచుకుని గొంతు తగ్గించాడు. “సరే. నిన్ను ఏడోదానిగా తీసుకెళ్తా. జవాబు మాత్రం కదపొద్దు. మారిస్తే సగమని రాసినవాళ్లకు మార్కులు పోతాయి. ఎలూబీ నీకన్నా వెనకబడి జట్టులోంచి పోతుంది. అది నీకిష్టమేనా?”

ఎలూబీ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. తమండా ఒక్కసారి దానివైపు చూసి సార్ వైపు తిరిగింది.

“ఇష్టం లేదు సార్. అయినా నాలుగో వంతు సగం కాదు. మార్చండి.”

ఆయన జవాబుల కాగితం ముందుకు లాక్కున్నాడు. కలంతో సగం కొట్టేసి నాలుగో వంతు రాశాడు. ఎలూబీ లేచి బయటికి వెళ్లిపోయింది.

తమండా వెనకే వచ్చేసరికి అది వరండా మెట్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. “నా దగ్గరికి రాకు. నీ మీద ఎంత కోపంగా ఉందో నీకు తెలీదు.”

తమండా వెళ్లి పక్కనే కూర్చుంది.

“ఆ గీతలు కిక్కిరిసిపోతాయన్నావే,” అంది ఎలూబీ ముక్కు చీదుకుంటూ. “అది మళ్లీ చెప్పు. వచ్చే ఏడు నీ చోటు నాదే.”